కలివి కోడి కేసు: ఎనభై ఆరేళ్ళు కంటబడని పక్షిని వెతికే పద్ధతి

కడప జిల్లా సిద్ధవటం పక్కన రెడ్డిపల్లె దగ్గర 1986 జనవరిలో బయటపడిన పక్షి శాస్త్రీయ నామం రైనోప్టిలస్ బైటార్క్వేటస్. పుస్తకాల్లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు, మన వైపు కలివి కోడి. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ వల్ల ఇది లోకానికి తెలిసింది. 1848లో జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ బ్లైత్ పేరుపెట్టి వర్ణించాడు. ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో పెన్నా పరీవాహకంలో కడప, నెల్లూరు వైపు, గోదావరి లోయలో భద్రాచలం, సిరోంచ వైపు కొన్నిసార్లు కనిపించింది. 1900లో అనంతపురం దగ్గర హోవార్డ్ క్యాంప్‌బెల్ చూశాడు. అంతటితో రికార్డు ఆగిపోయింది. తూర్పు కనుమల్లో వెర్నే సర్వే పేరుతో పక్షుల గాలింపు జరిగింది, దొరకలేదు. సలీం అలీ అంతటివాడు వెతికించాడు, దొరకలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు.

అన్నేళ్ళూ పక్షి ఉన్నచోటే ఉంది. వెతికేవాళ్ళు పగలు వెతికారు. ఈ కేసులో నేర్చుకోవాల్సింది చాలావరకు ఆ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది. అందుకే కింద రాసినదంతా వెతికే పద్ధతి గురించే: ఏ గంటకు, ఎలాంటి చోట, దేనితో, ఎక్కడ పప్పులో కాలేస్తారు. రాయలసీమ బీళ్ళలో, చిట్టడవుల్లో రాత్రిపూట పక్షుల సర్వే చేయాలనుకునేవాళ్ళకు ఇది పనికొస్తుంది.

ముందు పక్షిని గుర్తుపట్టాలి

పొడవు సుమారు 27 సెంటీమీటర్లు. కౌజు పిట్ట కంటే కొంచెం చిన్నది, కాళ్ళు మాత్రం పొడుగు. ఎదమీద రెండు గోధుమరంగు పట్టీలు, వాటి మధ్య తెలుపు. గొంతు దగ్గర ఇటుకరంగు మచ్చ. కంటిపైన వెడల్పాటి తెల్లటి కనుబొమ. పొట్టి ముక్కు, మొదట్లో పసుపు, చివర నలుపు. కన్ను పెద్దది, రాత్రిపూట తిరిగే పక్షి కన్ను. ఎగరడం తక్కువ. పొదల మధ్య ఖాళీ నేలమీద చకచకా పరిగెత్తి ఠక్కున ఆగుతుంది. టార్చి వెలుతురు పడితే లేచిపోకుండా నిటారుగా నిలబడిపోతుంది. నిలబడినప్పుడు ఆ రంగులు ఎర్రమట్టిలో, ఎండుగడ్డిలో ఎంతగా కలిసిపోతాయంటే, వెలుతురు దానిమీదే ఉన్నా కన్ను దాటి పోతుంది. కదిలినప్పుడే పట్టుబడుతుంది.

దీనితో పొరబడేవి ముఖ్యంగా రెండు. ఒకటి భారత కోర్సర్. అది పగటి పక్షి, దున్నిన చేలల్లో, మైదానాల్లో గుంపుగా కనిపిస్తుంది, ఎదమీద పట్టీలుండవు. రెండోది స్టోన్ కర్లూ, అంటే పెద్దకళ్ళ రాతి పిట్ట. అదీ రాత్రిపూట తిరిగేదే, అదే చిట్టడవిలో ఉండేదే, కానీ ఒడ్డూ పొడుగూ ఎక్కువ. కాపర్లు 'చూసినాం' అని చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఈ రెండోదే అయి తీరుతుంది.

1986లో ఏది పని చేసింది

బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ 1985లో ఈ పక్షి కోసం పని మొదలుపెట్టారు. పాత రికార్డులున్న ఊళ్ళు తిరిగి, బొమ్మలు చూపి, పక్షులు పట్టేవాళ్ళనూ కాపర్లనూ విచారించారు. పుస్తకాల్లో లేని సంగతి వాళ్ళ దగ్గర ఉంది: ఈ పక్షి రాత్రిపూట తిరుగుతుంది. చివరికి రెడ్డిపల్లె మనిషే రాత్రి టార్చి వెలుతురులో ఒకదాన్ని పట్టి తెచ్చాడు. ఎనభై తొమ్మిదేళ్ళ సలీం అలీ దాన్ని చూడడానికి కడప దాకా వచ్చారు. ఆ పక్షి బతకలేదు. నమూనాగా సొసైటీ సేకరణలోకి చేరింది.

పట్టడం అప్పట్లో రుజువుకు అవసరమైంది. ఇప్పుడు కాదు. ఒక స్పష్టమైన ఫొటో లేదా ఒక శుభ్రమైన కూత రికార్డు చాలు. వల, ఉచ్చు, చేత్తో పట్టడం పూర్తిగా మానాలి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జీవి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో తీవ్రంగా ప్రమాదంలో ఉన్న జాతి. చేతిలో చచ్చిపోతే, ఇది దొరికిన ఆ లంకమల కొండల లోయకు అది చిన్న నష్టం కాదు.

ఆనాటి ఫలితం త్వరగానే వచ్చింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు, దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. అదే ఏడు తపాలా శాఖ ఈ పక్షి బొమ్మతో బిళ్ళ కూడా తెచ్చింది. బిళ్ళమీద బొమ్మ వచ్చేనాటికి దాని కూత ఇంకా రికార్డు కాలేదు. కూత రికార్డు కావడానికి 2000 దాటాల్సి వచ్చింది.

చోటు ఎంచుకోవడం: పొదల లెక్క

ఇక్కడే కాస్త ఎక్కువసేపు నిలబడాలి. తప్పు చోట నెలరోజులు కూర్చున్నా లాభం లేదు, సరైన చోటు కంటితో చూస్తే తెలిసిపోయేదీ కాదు.

పి. జెగనాథన్, రిస్ గ్రీన్, కెన్ నోరిస్ తదితర పరిశోధకులు లంకమల చుట్టూ చేసిన పని 2004లో అచ్చయింది. పలుచోట్ల అడుగుజాడల పట్టీలు, అంటే పక్షి నడిస్తే గుర్తు పడేలా మెత్తటి మట్టి పట్టీలు పరిచి, వాటి చుట్టూ పొదలు లెక్కపెట్టారు. తేలిందేమిటంటే, రెండు మీటర్ల కంటే ఎత్తున్న పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు, అంతకంటే పొట్టివి 1,000 లోపు ఉన్నచోట కలివి కోడి తిరిగే అవకాశం అన్నిటికంటే ఎక్కువ.

ఆ అంకెల్ని నేలమీదికి దించితే సులువు. పది మీటర్ల చదరం అంటే హెక్టారులో నూరోవంతు. కాబట్టి చదరంలో పెద్ద పొదలు 3 నుంచి 7 ఉండాలి, చిన్నవి 10 లోపు. నాలుగు మేకులు, 40 మీటర్ల నైలాన్ తాడు, రెండు మీటర్ల దగ్గర గీత పెట్టిన వెదురుకర్ర ఉంటే సామాను పూర్తయినట్టే. తాడు నలుచదరం కుదిరిందో లేదో మూల నుంచి మూలకు కొలిచి చూడాలి, 14 మీటర్ల 14 సెంటీమీటర్లు రావాలి. రెండు అడుగులు తేడా వచ్చినా చదరం వాలిపోయిందన్నమాట, మేకులు జరపాలి.

పప్పులో కాలేసేది లెక్క దగ్గర. చదరంలో ఒక్క పొద ఎక్కువా తక్కువా అయితే హెక్టారు లెక్కలో వంద తేడా వస్తుంది. అందుకని ఒకటి రెండు చదరాలు చూసి చోటు తేల్చకూడదు. ఒక్కో చోట కనీసం పది చదరాలు వేసి సగటు తీయాలి. రేగు, కలివి, తుమ్మ ఒకదాన్నొకటి అల్లుకుని ఉంటాయి. మొదలు ఒకటైతే ఒక పొద, మొదళ్ళు వేరైతే వేరు పొదలు. నరికితే మళ్ళీ చిగిర్చిన మోడుకు పది కొమ్మలున్నా ఒకటే లెక్క. ఈ నియమం మొదటిరోజే కాగితంమీద రాసుకోకపోతే ఇద్దరు మనుషులు ఒకే చదరాన్ని రెండు రకాలుగా లెక్కపెడతారు. ఇంకొకటి: నడిచే బాట పక్కనే చదరాలు వేసుకుంటూ పోవడం. బండిబాట పక్కన ఎప్పుడూ పొదలు పలచగానే ఉంటాయి, అడవి అంతా అలాగే ఉందనిపిస్తుంది. బాట నుంచి కనీసం యాభై మీటర్లు లోపలికి పోయి మొదలుపెట్టాలి. దిక్కు కూడా ముందే కాగితంమీద ఎంచుకోవాలి, అక్కడికి పోయాక కంటికి నచ్చిన వైపు తిరగకూడదు.

అదే అధ్యయనంలో ఉపగ్రహ చిత్రాలతో ఇలాంటి చోట్లను పెద్ద విస్తీర్ణంలో గుర్తించవచ్చని చూపారు. ముందు నేలమీద పొదల లెక్క, దానితో చిత్రాన్ని సరిచూసుకోవడం, ఆ తర్వాతే ఎక్కడ వెతకాలో నిర్ణయించుకోవడం. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రంలో ఒక గడి 30 మీటర్లు, ఇప్పుడు ఉచితంగా దొరికే సెంటినెల్ 2 చిత్రంలో 10 మీటర్లు. వానలు పడ్డాక తీసిన చిత్రం వాడితే గడ్డి పచ్చదనం పొదల పచ్చదనంతో కలిసిపోతుంది, ఎండాకాలపు చిత్రమే మేలు. ఎండాకాలంలోనూ మోసం చేసేది సర్కారు తుమ్మ. అన్నీ మోడువారినా అది పచ్చగానే ఉంటుంది. వంకల పక్కన దట్టంగా పెరిగిన సర్కారు తుమ్మ తోపు తెరమీద మంచి చిట్టడవిలా కనిపిస్తుంది. దగ్గరికి పోతే మనిషి దూరే సందుండదు, నేలమీద పరిగెత్తే పక్షికి అది గోడే.

పక్షి ఈ మధ్యస్థపు పలచదనాన్నే కోరుకోవడంతో నిర్వహణ దగ్గర ఒక చిక్కు వస్తుంది. మేపు పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుంటాయి. మేపు మితిమీరితే, కట్టెల నరుకుడు ఎక్కువైతే నేల బోడవుతుంది. జీవాలు, కట్టెలు కొట్టేవాళ్ళు ఓ మోస్తరుగా తిరిగే చోటే దీనికి కలిసివస్తుందని ఆ పరిశోధకుల అంచనా. ఇనుప కంచె వేసి మనిషిని, మేకను బయటికి నెట్టేస్తే పని అయిపోయినట్టు కాదు. ఖాళీగా ఉందని మొక్కలు నాటడం అంతకంటే చెడ్డ ఆలోచన. ఆ ఖాళీయే పక్షి ఇల్లు.

జేసీబీ మాత్రం వేరే కథ. చీనీ తోటకో నిమ్మ తోటకో పొదల్ని వేర్లతో సహా లేపేస్తే ఆ నేల మళ్ళీ చిట్టడవి కావడానికి ఒక తరం చాలదు. 1991 నుంచి 2000 మధ్య లంకమల చుట్టుపక్కల చిట్టడవి 11 నుంచి 15 శాతం తగ్గిందని ఉపగ్రహ చిత్రాల పోలికలో తేలింది. రెవెన్యూ కాగితాల్లో ఈ నేలలు బీడు, పనికిరానివి. అసలు ఇబ్బంది అక్కడుంది.

అడుగుజాడల పట్టీలు

రాత్రి పక్షిని చూడలేకపోతే అది నడిచిన గుర్తు చూడవచ్చు. మెత్తటి మట్టిని సాపుగా పరిచిన 5 మీటర్ల పట్టీ. పొదల మధ్య పక్షి నడిచే సందులకు అడ్డంగా వేస్తే పొద్దున్నే జాడ కనబడుతుంది.

అడుగు వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటర్ల మందం వేసుకుంటే ఒక పట్టీకి 22, 23 లీటర్ల మట్టి పడుతుంది. పదిహేను లీటర్ల బకెట్‌తో ఒకటిన్నర. పది పట్టీలకు పదిహేను బకెట్లు. మోయడానికి బరువే, అందుకని వంకలోని ఒండ్రుమట్టిని అక్కడే జల్లెడపట్టి వాడుకోవాలి. గోధుమపిండి జల్లెడ అయితే గంటలు పడుతుంది, ఇసుక జల్లించే సన్నకన్ను జల్లెడ చాలు. మట్టి మరీ పొడిగా ఉంటే గాలికి జాడ అంచులు రాలిపోతాయి, మరీ తడిగా ఉంటే పైన పెచ్చు కడుతుంది, తేలికపాటి పక్షి కాలు దిగదు. పిడికిట్లో నొక్కితే ఒక క్షణం ముద్దగా నిలిచి, వేలితో తాకితే విడిపోయే తడి సరైనది. పరిచాక చెక్కతో సాపు చేయాలి, చేత్తో కాదు. చేతివేళ్ళ గీతలు మరునాడు జాడల్లా కనబడతాయి.

సాయంత్రం జీవాలు దొడ్లకు మళ్ళాక సాపు చేసి, పొద్దున మందలు రాకముందే చదవాలి. ఈ రెండో సంగతి పాటించకే సగం రాత్రుల పని వృథా అవుతుంది. ఏడున్నరకు మేకలు వస్తాయి, ఏడుకే అన్నీ చూసి ముగించాలి. సూర్యుడు పక్కవాటుగా ఉన్నప్పుడు జాడ లోతు నీడగా కనబడుతుంది. మబ్బు పట్టినరోజు టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వెలిగించాలి.

ఇక జాడ. కోర్సర్ కాలికి ముందు మూడు వేళ్ళు, వెనక వేలు లేదు. కౌజు, పూరేడు జాడలో మడమ వెనక చిన్న చుక్కో గీతో పడుతుంది, అవి అక్కడే పక్కకు పోతాయి. మిగిలే చిక్కు మూడు వేళ్ళ పిట్టలతోనే: భారత కోర్సర్, పసుపు తీతువు, స్టోన్ కర్లూ. స్టోన్ కర్లూ జాడ పెద్దది. మిగతావాటిని ఒక్క జాడతో తేల్చకూడదు. వేళ్ళ పొడవు, వేళ్ళ మధ్య కోణం, రెండు అడుగుల మధ్య దూరం కొలిచి, పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయాలి. ఏటవాలుగా తీసిన ఫొటోలో కొలతలు పనికిరావు. జాడలు పడుతున్న పట్టీ దగ్గర కెమెరా ట్రాప్, అంటే కదలిక ఉంటే తనంతట తానే ఫొటో తీసే కెమెరా పెట్టి ఆ జాడ ఎవరిదో ఖాయం చేసుకోవాలి. లంకమలలో చేసింది అదే, జాడలు మొదట, కెమెరాలు తర్వాత.

కెమెరా ట్రాప్‌ను పులుల సర్వేలో లాగా మోకాలి ఎత్తున కడితే ఈ పక్షి కిందినుంచి పోతుంది. నేలకు 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తులో, పట్టీ పొడవునా చూసేలా పెట్టాలి. ముందున్న ఎండుగడ్డి పరకలన్నీ పీకేయాలి. గాలికి ఊగే ఒక్క పరక రాత్రంతా ఖాళీ ఫొటోలు తీయించి బ్యాటరీ తినేస్తుంది.

చెడగొట్టేవి ఇంకా ఉన్నాయి. చెదలు ఒక్క రాత్రిలో పట్టీకి అడ్డంగా మట్టి గీత లేపుతాయి. తీరా చూస్తే కలివి కోడి తినేదీ ఎక్కువగా చెదలు, చీమలే, కాబట్టి చెదలున్న చోటు వదిలి పోవడం కూడా తప్పే. పట్టీని ఒకటి రెండు మీటర్లు జరపాలి, అంతే. చెడిన పట్టీని ఆ రాత్రి లెక్కలో 'జాడ లేదు' అని రాయకూడదు, 'చదవలేదు' అని రాయాలి. పది పట్టీలు ఐదు రాత్రులు వేస్తే యాభై పట్టీ-రాత్రులు. అందులో పన్నెండు చెడితే లెక్క ముప్పై ఎనిమిదికే. ఈ విడదీత చేయని నోట్‌బుక్ నుంచి తర్వాత ఏ సగటూ తీయలేం.

కూత

అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ చోట్లను చూడగలిగేది కూత ద్వారానే. 'ట్విక్-టూ' అనో 'క్విక్-కూ' అనో వినిపించే రెండక్షరాల కూత, సెకనుకు ఒకటి చొప్పున రెండు నుంచి ఇరవై సార్లు. ఒకటి మొదలుపెడితే ఇంకొకటి అందుకోవడం ఉంది. పొద్దు గుంకాక 45 నుంచి 50 నిమిషాలకు మొదలై, కొన్ని నిమిషాల్లోనో ఇరవై నిమిషాల్లోపో ఆగిపోతుంది.

ఆ ఇరవై నిమిషాలే రోజు మొత్తం మీద దొరికే సమయం. జనవరి నడుమ కడపలో ఆరు గంటలకు పొద్దు గుంకుతుంది, కూత ఏడుకు పావుగంట తక్కువ నుంచి ఏడూ పది లోపు. జూన్‌లో ఆరూ నలభై దాటాక గుంకుతుంది, కూత ఏడున్నర నుంచి. ఏడాది పొడుగునా 'సాయంత్రం ఏడింటికి' అని పెట్టుకుంటే సగం నెలల్లో ముందో వెనకో పడతారు. ప్రతిరోజూ అస్తమయం చూసి దాన్నుంచి నిమిషాలు లెక్కపెట్టుకోవాలి. అస్తమయానికి అరగంట తర్వాత చోటికి చేరి, మోటారుసైకిల్ అరకిలోమీటరు అవతలే ఆపి, మాట్లాడకుండా కూర్చోవాలి. కౌజు పిట్ట ఆ వేళకే చివరి కేక వేసి సద్దుమణుగుతుంది. తీతువు రాత్రంతా అరుస్తుంది, నైట్‌జార్ అనే రాత్రి పిట్ట చప్పుడు వేరు. వీటిని ముందే చెవికి బాగా పట్టించుకోకపోతే ప్రతి కొత్త శబ్దమూ కలివి కోడే అనిపిస్తుంది.

ప్లేబ్యాక్ అంటే రికార్డు చేసిన కూత వినిపించి బదులు కోసం ఎదురుచూడడం. పనిచేస్తుంది. కానీ విచ్చలవిడిగా వాడితే పక్షి ఆ చోటు వదలవచ్చు, లేదా బదులివ్వడం మానేయవచ్చు. మానేసిన పక్షి తర్వాత వచ్చేవాళ్ళకు 'లేని' పక్షే. మొదటి పది నిమిషాలు ఏమీ వినిపించకుండా వినాలి. సొంతంగా కూస్తే ప్లేబ్యాక్ అక్కర్లేదు. కూయకపోతే ఒక్కసారి, అరనిమిషం, చిన్న స్పీకర్‌లో మామూలు గొంతు స్థాయిలో. బదులు వచ్చిన మరుక్షణం ఆపేయాలి. అదే చోటికి మళ్ళీ కొన్ని వారాలు ప్లేబ్యాక్ పట్టుకుని పోకూడదు.

మనుషులు కూర్చునే బదులు ఆటోమేటిక్ రికార్డర్ పెట్టడం ఇంకా మంచిది. ఆడియోమాత్ లాంటి అరచేతి పరికరానికి మూడు పెన్సిల్ సెల్లు, ఒక మెమరీ కార్డు చాలు. 16 కిలోహెర్ట్జ్ వద్ద రికార్డు చేస్తే గంటకు 115 మెగాబైట్లు. రోజుకు ఒక గంట చొప్పున నెలకు మూడున్నర గిగాబైట్లు, 16 జీబీ కార్డులో బాగా మిగులు ఉంటుంది. అస్తమయానికి అరగంట తర్వాత మొదలై ఒక గంట నడిచేలా అమర్చాలి. చాలామంది ఒకే గడియారపు వేళ పెట్టి నెల రోజులు వదిలేస్తారు, చివరి వారంలో పొద్దు జరిగిపోతుంది. ముందూ వెనకా పావుగంట అదనంగా పెట్టడం ఖర్చు లేని బీమా. చీమలు డబ్బాలో గూడు పెట్టకుండా కట్టిన తాడుకు గ్రీజు రాయాలి. కాపరి చేతికి దొరికితే సెల్‌ఫోనో బాంబో అనుకుంటాడు, అందుకని తెలుగులో ఒక కాగితం అంటించాలి, అంతకంటే ముందు అతనికి చెప్పాలి.

కాపర్లను అడిగే పద్ధతి

1986 కేసు తేలింది ఇక్కడివాళ్ళ జ్ఞానంతో. అందుకే ఇప్పుడు అందరూ ఊళ్ళోకి పోయి బొమ్మ చూపించి 'ఇది చూసినావా' అంటారు. అలా అడిగితే జవాబు 'చూసినా' అనే వస్తుంది. అతిథిని నిరాశపరచడం మన వైపు మర్యాద కాదు మరి.

పేరు ఎత్తకుండా, బొమ్మ తీయకుండా మొదలుపెట్టాలి: 'అన్నా, పొద్దు గుంకినాక ఈ కంపల్లో నేల మింద పరిగెత్తే పిట్టలు ఏమేమి ఉండాయి?' అతను చెప్పిన ప్రతి పిట్టకూ సైజు, కాళ్ళు, గొంతు, ఏ కాలంలో, మంద వెంట ఉన్నప్పుడా, కాపలా పడుకున్నప్పుడా అని అడగాలి. ఆ తర్వాత ఎనిమిది పది బొమ్మలు ఒకేసారి పరచాలి. అందులో రెండు ఇక్కడ అసలు ఉండని పక్షులవి ఉండాలి. వాటిని కూడా 'ఉండాయి' అన్న మనిషి మిగతా మాటలకు తక్కువ విలువ కట్టాలి. కూతలు వినిపించేటప్పుడూ అంతే, నాలుగైదు కలిపి వినిపించాలి. మనిషి నోటితో తానే అనుకరించి చూపితే అది బొమ్మ గుర్తుపట్టడం కంటే గట్టి సాక్ష్యం.

లంకమల, పాలకొండల చుట్టూ ఇంకో సంగతి మరవకూడదు. ఇది ఎర్రచందనం ఇలాకా. రాత్రి టార్చి వెలిగించుకుని తిరిగే కొత్త మనిషిని అటు అటవీశాఖ బృందాలూ, ఇటు స్మగ్లర్లూ అనుమానిస్తారు. అభయారణ్యంలో పరిశోధనకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కాగితం ఒక్కటే చాలదు, రాత్రివేళ బీట్ సిబ్బంది ఎవరో ఒకరు వెంట ఉండాలి. వాళ్ళ రాకపోకల వేళను బట్టి సర్వే సమయం మారిపోతే మాత్రం పని చెడుతుంది. ఆ ఇరవై నిమిషాల సంగతి వాళ్ళకు ముందే వివరించాలి.

కాలువ

ఎక్కడ ఉందో రాసిపెట్టి ఉంటే ఏమవుతుందో చెప్పడానికి 2005 చాలు. తెలుగుగంగ కాలువ తవ్వకం లంకమల అభయారణ్యం అంచున, పక్షి తిరుగుతుందని జాడలతో, కూతలతో రుజువైన నేలల్లోకి వచ్చింది. అప్పటికి కొన్నేళ్ళుగా పోగైన పట్టీల లెక్కలు, పొదల లెక్కలు చేతిలో ఉన్నాయి కాబట్టి అభ్యంతరం నిలబడింది. కాలువ దారి మార్చారు. ఎక్కడో కనబడిందట అన్న మాట ఒక్కటే ఉండి ఉంటే ఆగేది కాదు.

ఆ తర్వాత మాత్రం నిశ్శబ్దం. 2000 దశకం దాటాక ఖాయమైన రికార్డులు దాదాపు ఆగిపోయాయి. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి మళ్ళీ దాని కూత రికార్డు చేసింది. రెండోసారి కూడా పక్షి దొరికింది చీకటి పడ్డాక, చెవితోనే.

'లేదు' అని రాసేముందు

ఒక చోట పక్షి ఉన్నప్పుడు ఒక సాయంత్రం కూత వినిపించే అవకాశం పదింట మూడు వంతులనుకుందాం. ఐదు సాయంత్రాలు పోయి ఏమీ వినకపోతే, పక్షి ఉండి కూడా మనకు తప్పిపోయే అవకాశం ఇంకా 17 శాతం. తొమ్మిది సాయంత్రాలకు గానీ అది 4 శాతానికి దిగదు. రెండు సాయంత్రాలు పోయి 'ఈ చోట లేదు' అని రాసేవాళ్ళు 1900 తర్వాతి పుస్తకాల పొరపాటునే చిన్న సైజులో మళ్ళీ చేస్తున్నారు. నివేదికలో ప్రతి చోటుకూ ఎన్ని సాయంత్రాలు, అస్తమయం నుంచి ఎన్నో నిమిషం దాకా, గాలి ఎంత, ప్లేబ్యాక్ వాడారా, ఎన్ని పట్టీ-రాత్రులు చదివారు అన్నవి ఉండాలి. ఇవి లేని 'లేదు'ను లెక్కలోకి తీసుకోకూడదు.

ఇంకా ఎక్కడ చూడాలన్నది పాత కాగితాల్లోనే ఉంది. స్కాట్లాండ్‌లోని అబెర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఒక గుడ్డు ఉంది, ఈ జాతిదని తెలిసిన ఒకే ఒక్క గుడ్డు. కోలార్ బంగారు గనుల దగ్గర పశువైద్యుడిగా ఉన్న ఎర్నెస్ట్ మీటన్ 1917లో సేకరించింది. డీఎన్ఏ పరీక్షలో కలివి కోడిదేనని 2013లో తేలింది. అంటే అనంతపురంలో ఆఖరుసారి చూసిన పదిహేడేళ్ళ తర్వాత కూడా కోలార్ వైపు అది గుడ్డు పెట్టింది. కోలార్ నుంచి అనంతపురం, మదనపల్లె, రాయచోటి వైపు పరచుకున్న గుట్టల కింది చిట్టడవుల్ని పగటి సర్వేలతో తీసిపారేయలేం. అనంతపురం, కర్నూలు బీళ్ళలో సోలార్ ప్యానెళ్ళు పరిచేముందు జరిగే పక్షుల సర్వేల్లో అస్తమయం తర్వాతి గంట ఉందో లేదో చూస్తే చాలు, ఆ సర్వే ఈ పక్షికి పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఎవరికైనా ఆ కూత వినబడితే చేయాల్సింది ఇది. కదలకుండా ఫోన్‌లోనే వాయిస్ రికార్డర్ ఆన్ చేయాలి, ఫోన్ రికార్డు కూడా రుజువుకు చాలు. తేదీ, నిమిషంతో సహా వేళ నోటితోనే రికార్డులో చెప్పాలి, తర్వాత రాసుకుంటే మరిచిపోతారు. జీపీఎస్ గుర్తు పెట్టుకోవాలి. టార్చి వేసుకుని పొదల్లోకి పోకూడదు, తిరిగి కూయించాలని చూడకూడదు. రికార్డును డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసర్‌కూ, ఈ పక్షి మీద పనిచేసిన పరిశోధకులకూ పంపాలి. గుర్తింపు ఖాయమయ్యేదాకా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. ఖాయమయ్యాక కూడా ఊరి పేరు, గట్టు పేరు చెప్పకుండా మండలం దాకా చెప్పి ఆపాలి.